తిరుచానూరు సభాపతికి ఒక దరువు

మాడభూషి అనంతశయనం అయ్యంగారి పేరు విన్నవాళ్లు తిరుపతిలో చాలామందే ఉన్నారు. ఆయన ఏం చేశారని అడిగితే మాత్రం "లోక్‌సభ స్పీకరుగా చేసినారు గదా" అని అక్కడితో ఆపేస్తారు. స్పీకరుగా ఏం చేశారు, అంతకుముందు ఏం చేశారు, మన ఊరికీ ఈ దేశపు రాజ్యాంగానికీ ఆయన వల్ల ఏర్పడిన చుట్టరికం ఏమిటి అని తెలుసుకోవాలంటే పార్లమెంటు చర్చల సంపుటాలు తిరగేయాలి. అంత ఓపిక ఎవరికుంది? ఉన్న పిల్ల ఒకతె దొరికింది. ఆ చర్చలు చదివింది. ఆయన తిరిగిన ఊళ్లు తిరిగింది. చదివిందీ చూసిందీ కలిపి ర్యాప్ పాటలు కట్టింది. చరిత్ర, ప్రయాణం, పాట అని మూడు భాగాలుగా వస్తున్న ఈ పుస్తకం ఆ శ్రమకు ఫలం.

రచయిత్రి నాకు పరాయిది కాదు. వాళ్లమ్మకు నేను హైస్కూల్లో చరిత్ర చెప్పాను. రాతప్రతి తెచ్చి నా ముందు పెట్టి, "తాతా, మీరు నాలుగు మాటలు రాయాల" అన్నది. దాంతోపాటు పాటలున్న ఫోనూ, ఇయర్‌ఫోన్లూ ఇచ్చింది. చదవాల్సింది చదివి, వినాల్సింది విని రాస్తున్నాను. మొహమాటానికి రాసిన మాట ఇందులో లేదు.

ముందు మనిషి సంగతి. అయ్యంగారు 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. తిరుపతి, తిరుచానూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. తిరుపతి దేవస్థానం హైస్కూల్లో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలకూ, ఆపైన లా కాలేజీకీ వెళ్లారు. 1912లో లెక్కల మాస్టారుగా చేరి, కొద్దికాలానికే ఆ పని వదిలి 1915లో వకీలు అయ్యారు. 1934లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు గెలిచారు. వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, క్విట్ ఇండియాలో మరోసారి జైలుకు వెళ్లారు. రాజ్యాంగ సభలో సభ్యులు. 1952లో తిరుపతి నుంచి మొదటి లోక్‌సభకు గెలిచి డిప్యూటీ స్పీకరు అయ్యారు. 1956 ఫిబ్రవరిలో స్పీకరు మావలంకర్ కన్నుమూయగా, మార్చిలో ఆ పీఠమెక్కారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ స్పీకరు. 1962 నుంచి 1967 దాకా బీహారు గవర్నరు. 1978 మార్చిలో కాలం చేశారు.

ఈ వరుస ఏ పుస్తకంలోనైనా దొరికేదే. ఇందులో ఎక్కడ ఆగి తవ్వాలో తెలియడం చరిత్రకారుల లక్షణం. ఆ లక్షణం ఈ పిల్లకు ఉంది. ఆమె ముఖ్యంగా మూడు చోట్ల ఆగింది.

మొదటిది 1948 ఏప్రిల్ 3. గాంధీజీ హత్య జరిగి అప్పటికి రెండు నెలలు దాటింది. శాసనసభగా కూర్చున్న రాజ్యాంగ సభలో అయ్యంగారు లేచి ఒక తీర్మానం పెట్టారు. మతాన్నిబట్టో కులాన్నిబట్టో సభ్యులను చేర్చుకునే సంస్థలు తమ మత, సాంస్కృతిక, సామాజిక, విద్యా వ్యవహారాలు చూసుకోవాలి తప్ప రాజకీయాల్లోకి రాకూడదని దాని సారాంశం. నెహ్రూ సమర్థించారు, సభ ఆమోదించింది. అలమేలుమంగ కొలువున్న ఊళ్లో పుట్టిన శ్రీవైష్ణవుడు, వేంకటేశ్వరుడి పాదాల దగ్గర పెరిగినవాడు ఆ తీర్మానం పెట్టాడన్న సంగతిని రచయిత్రి ఊరికే చెప్పి వదిలేయలేదు. భక్తికీ రాజ్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో భక్తుడికే బాగా తెలుస్తుందని ఆమె వాదన. నేను దానితో ఏకీభవిస్తాను.

రెండోది అంచనాల కమిటీ. 1950లో ఏర్పడిన ఆ కమిటీకి మొదటి అధ్యక్షుడు అయ్యంగారే. మంత్రిత్వ శాఖలు అడిగే డబ్బును, పెట్టే ఖర్చును తరచి చూసి, పొదుపు ఎక్కడ సాధ్యమో చెప్పడం దాని పని. ఇందులో ఉద్వేగం ఏముంటుంది, పాటకు పనికొచ్చేది ఏముంటుంది అనిపిస్తుంది. ఈ పిల్ల మాత్రం ఒకప్పటి లెక్కల మాస్టారు దేశం ఖర్చుల పద్దు దిద్దుతున్నట్టుగా పాట కట్టింది. ప్రతి చరణమూ ఒక కూడికతో ఎత్తుకుని ఒక తీసివేతతో దిగుతుంది. చివరికి మిగిలిన శేషం ఎవరిదని అడుగుతుంది. విని నవ్వుకున్నాను, ఆ తర్వాత ఆలోచనలో పడ్డాను.

మూడోది వరకట్న నిషేధ బిల్లు. మన పార్లమెంటు ఉభయ సభలు ఒక బిల్లు కోసం కలిసి కూర్చోవడం మొట్టమొదట జరిగింది దీనికే. 1961 మే 6న, 9న. సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించేది లోక్‌సభ స్పీకరు కాబట్టి ఆ పీఠం మీద మన అయ్యంగారు కూర్చున్నారు. పెళ్లిలో ఇచ్చే కానుకలను కట్నం కింద లెక్కవేయాలా, వద్దా, కట్నం అడగడమే నేరమా అన్న దగ్గర రెండు సభలకూ పొత్తు కుదరలేదు. చివరికి చట్టం వచ్చింది. ఈ అధ్యాయాన్ని రచయిత్రి 1961తో ముగించకుండా నేటి తిరుపతి కల్యాణ మండపాలకు తీసుకొచ్చింది. ఆ చట్టం చేసిన సమావేశాన్ని నడిపిన మనిషి సొంత ఊళ్లోనే పెళ్లిచూపుల నాడు బంగారం తులాల్లో, ఇంటి స్థలం అంకణాల్లో మాట్లాడుకుంటున్నారని రాసింది. పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల రాసిన అధ్యాయం ఇది. పుస్తకం మొత్తంలో నన్ను ఎక్కువగా కుదిపింది కూడా ఇదే.

ఈ మూడింటినీ కలిపే సూత్రం ఒకటి ఉంది, అదే పుస్తకానికి ప్రాణం. అయ్యంగారి బతుకంతా మాటతో చేసిన పని. 1934 తర్వాతి పదేళ్లలో తెల్లదొరల ప్రభుత్వాన్ని ఆయన ప్రశ్నలతో ఎంతగా వేధించారంటే, 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించి పోయిన జర్మన్ యుద్ధనౌక పేరు తెచ్చి ఆయనకు 'ఎమ్డెన్' అని తగిలించారు. అంత మాటకారి స్పీకరు కాగానే నోరు కట్టుకుని, ఎదుటివాళ్ల మాటకు దారి ఇచ్చే కొలువులో కూర్చున్నారు. 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లేచి, జీవిత బీమా సంస్థ డబ్బు ముంద్రా కంపెనీల్లోకి ఎలా పోయిందని సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీసినప్పుడు పీఠం మీద ఉన్నది అయ్యంగారే. 1958 ఫిబ్రవరికల్లా ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడిని విసుక్కోకుండా, పద్యం చెడనీయకుండా నడిపించుకుపోయే అవధాని నేర్పు ఆ కుర్చీకి కావాలి. మొదట తన మాట, ఆ తర్వాత ఇతరుల మాట. ఇలా రెండు అంకాలుగా ఆయన జీవితాన్ని చూపడం ఈ రచయిత్రి సొంత చూపు. ఇంతకుముందు నేనెక్కడా చదవలేదు.

ఇక ప్రయాణం. ఈ భాగంలో గుడి గోపురాల వర్ణనలు, హోటళ్ల కబుర్లు లేవు. తిరుచానూరు వీధుల్లో మొదలై, చిత్తూరు కోర్టు ఆవరణ మీదుగా, మద్రాసు, ఢిల్లీ, పాట్నా దాకా అయ్యంగారు నడిచిన వరుసలోనే నడిచింది. ఢిల్లీలో విజయ్ చౌక్ దగ్గర నిలబడి 144 స్తంభాల గుండ్రటి పాత పార్లమెంటు భవనాన్ని చూస్తూ రాసిన పేజీలు బాగున్నాయి. 1927లో తెల్లవాళ్లు ప్రారంభించుకున్న ఆ కట్టడంలోనే 1934లో గెలిచిన తిరుపతి వకీలు ప్రతిపక్షంలో కూర్చున్నాడు, అందులోనే రాజ్యాంగం తయారైంది, అందులోనే ఆయన స్పీకరయ్యాడు. 2023లో కొత్త భవనం వచ్చాక పాతదానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. ఒక మనిషి జీవితంలోని మూడు దశలు ఒకే కప్పు కింద గడిచాయని చూపడానికి ఆ భవనాన్ని చక్కగా వాడుకుంది.

అయితే నాకు అంతకన్నా నచ్చింది తిరుత్తణి ప్రయాణం. పుత్తూరు, నగరి మీదుగా బస్సులో పోయి చూసి వచ్చింది. ఎందుకంటారా? సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టింది అక్కడ. చిన్నప్పుడు ఆయన చదువుకున్నది మన తిరుపతి లూథరన్ మిషన్ స్కూల్లో. 1952 నుంచి 1962 దాకా ఉపరాష్ట్రపతిగా రాజ్యసభ అధ్యక్ష పీఠం ఆయనది. 1956 నుంచి 1962 దాకా లోక్‌సభ పీఠం అయ్యంగారిది. అంటే ఆ ఆరేళ్లూ భారత పార్లమెంటు రెండు సభలనూ పాత ఉత్తర ఆర్కాటు బిడ్డలే నడిపారు. ఇద్దరి పుట్టుకకూ మధ్య మూడేళ్లలోపే, ఊళ్లకూ మధ్య ఒక పూట ప్రయాణం. ఇంకో విచిత్రం వినండి. ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు మార్చే చట్టం 1959లో ఆ రెండు సభల్లోనే ఆమోదం పొందింది. దాని ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. ఒక సభాధ్యక్షుడి పుట్టిన ఊరు రాష్ట్రం మారింది, ఇంకో సభాధ్యక్షుడి సొంత జిల్లా చిన్నదైంది. ఈ రెండు ముక్కలూ ఇంతకాలం విడివిడిగా చదివినవాళ్లమే. బస్సెక్కి పోతే తప్ప ఒకచోట చేరలేదు. చరిత్ర రాసేవాళ్లు ఊళ్లు తిరగాలని నేను పిల్లలకు చెప్పిన మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. హిప్‌హాప్ అనగానే మా ఈడువాళ్లు మొహం చిట్లిస్తారని తెలుసు. రాజ్యాంగ సభ సభ్యుడి మీద ర్యాప్ ఏమిటని ఎవరైనా అడిగితే, వాళ్ల కోసం నాలుగు మాటలు.

1973 ఆగస్టులో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ అనే పేదల పేటలో, కూల్ హెర్క్ అనే కుర్రాడు చెల్లెలు ఏర్పాటు చేసిన వేడుకలో రికార్డులు తిప్పిన నాటి నుంచి హిప్‌హాప్ పుట్టుకను లెక్కవేస్తారు. పాట మధ్యలో గొంతు ఆగి ఉత్త దరువు మిగిలే భాగాన్ని పట్టుకుని, రెండు రికార్డులతో దాన్నే మళ్లీ మళ్లీ సాగదీశాడు. ఆ దరువు మీద మాట నడిపించడమే ర్యాప్. నలభై రెండేళ్ల తర్వాత, 2015లో, అదే నగరంలో లిన్ మాన్యుయెల్ మిరాండా అనే కళాకారుడు అమెరికా తొలి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ జీవితాన్ని ర్యాప్ నాటకంగా రంగస్థలం ఎక్కించాడు. రాన్ చెర్నో రాసిన లావుపాటి జీవిత చరిత్ర దానికి ఆధారం. దేశపు అప్పుల మీద మంత్రివర్గంలో జరిగిన వాదాన్ని ఇద్దరు ర్యాపర్ల పోటీగా మార్చాడు. బడ్జెట్ చర్చ కోసం జనం టికెట్లు కొని క్యూ కట్టారు. 2016లో ఆ నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. మన పిల్లకు ఈ పుస్తకం ఊహ పుట్టింది అక్కడే. ఆ మాట ఆమే రాసుకుంది.

ఊహ అక్కడిదైనా నేల మాత్రం ఇక్కడిదే. జీవితాన్ని పాటగా చెప్పడం మన జిల్లాకు కొత్తా? చిత్తూరు రంగస్థలం మీద పేరు తెచ్చుకుని, ఊరిపేరునే ఇంటిపేరు చేసుకున్న నాగయ్యగారు పోతనను, త్యాగయ్యను, వేమనను తెర మీద పాడి చూపించారు గదా. మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం పెట్టినప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ధర్మరాజుల సభలోని వాదం రాత్రంతా పాటలోనే నడుస్తుంది. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు నడివీధిలో తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఆ జాతర చూస్తూ పెరిగిన పిల్లకు ర్యాప్‌లో మాటకు మాట పోటీ కొత్తగా తోస్తుందా? 1847లో తెల్లవాళ్లు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని మన సీమలో బతికించింది ముందు పాట, తర్వాతే పుస్తకం.

ఛందస్సు తెలిసినవాళ్లకు ఇంకో మాట. మాత్రల నడక, పాదాల చివర ప్రాస. ఈ రెండూ ఉన్న రగడ మనకు ఎప్పటి నుంచో ఉంది. ఈ పుస్తకంలోని పాటల్లో చాలా భాగం నాలుగు మాత్రల నడకే. అంటే మధురగతి రగడకు దగ్గర చుట్టం. వరకట్నం బిల్లు పాటలో ఆమె చేసిన పని చూడండి. ఒక గొంతు ఇష్టపడి ఇచ్చింది కట్నం ఎలా అవుతుందని నాలుగు మాత్రల్లో నింపాదిగా అడుగుతుంది. ఇష్టమో బలవంతమో తేల్చేదెవరని రెండో గొంతు మూడు మాత్రల్లో దూసుకొస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి గోల పెరిగినప్పుడల్లా దరువు ఠక్కున ఆగుతుంది. ఆ ఆగినచోట "ఆర్డర్" అని ఒక్క మాట. మళ్లీ దరువు. పాట మొత్తంలో సభాపతి మాట్లాడేది అంతే. అయినా పాటను నడిపేది ఆయనేనని వినేవాళ్లకు తెలుస్తుంది. స్పీకరు పీఠం అంటే ఏమిటో చెప్పడానికి నేను క్లాసులో నలభై నిమిషాలు తీసుకునేవాణ్ని.

యుద్ధవీరుల మీద పాట కట్టడం తేలిక. కత్తి ఉంటుంది, గుర్రం ఉంటుంది, కన్నీళ్లు ఉంటాయి. కమిటీలు, నియమాలు, పద్దులు, సవరణలు వీటితో దేశాన్ని నిలబెట్టినవాళ్ల మీద పాట కట్టడం కష్టం. అందుకే మనకు వీరగాథలు మిగిలి, సభాగాథలు మిగల్లేదు. ఈ పుస్తకం ఆ లోటు పూడ్చడానికి మొదటి తట్ట మన్ను పోసింది.

మెచ్చుకోలు పీఠికైనా రెండు హితవులు చెప్పకపోతే పెద్దరికం దక్కదు. మొదటిది, పాట్నా అధ్యాయం తొందరగా ముగిసింది. 1966-67లో బీహారును పెద్ద కరువు పీడించింది. జయప్రకాశ్ నారాయణ్ సహాయ కార్యక్రమాలకు పూనుకున్నారు. ఆ కరువు మధ్యనే ఎన్నికలొచ్చి, 1967 మార్చిలో మహామాయా ప్రసాద్ సిన్హా నాయకత్వాన ఆ రాష్ట్రంలో తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడింది. ఏళ్ల తరబడి కాంగ్రెసు మనిషిగా ఉన్న అయ్యంగారు గవర్నరుగా ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక అధ్యాయానికీ ఒక పాటకూ సరిపడా సరుకుంది. మలిముద్రణలో పెంచాలి.

రెండోది, పాటకు నాయకుణ్ని ఎత్తుకు తీసుకుపోయే గుణం ఉంది. హామిల్టన్ నాటకం మీద కూడా, ఆనాటి బానిసత్వాన్ని పక్కకు నెట్టి నాయకుణ్ని మెరుగుపెట్టిందని అమెరికా చరిత్రకారులు కొందరు గట్టిగానే అన్నారు. ఈ పుస్తకంలో చరిత్ర భాగం నిక్కచ్చిగా ఉంది, పాటల భాగం ఒకటి రెండుచోట్ల భజనలోకి జారింది. అయ్యంగారితో విభేదించిన సభ్యుల గొంతులు పాటల్లో ఇంకా వినిపించాలి. ప్రశ్నలడిగి ఎమ్డెన్ అనిపించుకున్న మనిషి మీద కట్టిన పాట, ఆయన్నూ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ మాట ఆమెతో ముఖాముఖి చెప్పాను. "సరే తాతా, ఇంకో పాట కడతా" అన్నది. కడుతుందనే నమ్మకం నాకుంది.

ఇవి చిన్న లోపాలు. ఆధారం లేని వాక్యం రాయకపోవడం, చూడని ఊరిని చూసినట్టు రాయకపోవడం, ప్రాస కోసం నిజాన్ని వంచకపోవడం ఈ పుస్తకంలోని పెద్ద గుణాలు. మూడోది మరీ అరుదైంది. పెద్ద పెద్ద కవులకే అది సాధ్యం కాలేదు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. పౌరశాస్త్రంలో పార్లమెంటు పాఠం వచ్చినప్పుడు ఈ పుస్తకంలోంచి ఒక్క చర్చ చదివించండి, దాని పాట పిలకాయల చేత పైకి పాడించండి. ఒకరిని సభాపతిగా కూర్చోబెట్టి, మిగిలినవాళ్లను వాదించుకోనివ్వండి. తల్లిదండ్రులు వరకట్నం అధ్యాయాన్ని పెళ్లిచూపులకు ముందే చదవాలి. ఇక రచయిత్రికి నా ఆశీస్సులు. తల్లీ, మన జిల్లాలో కట్టమంచి రామలింగారెడ్డిగారి వంటివాళ్లు ఇంకా పాట కోసం ఎదురుచూస్తున్నారు. పని ఆపవద్దు.

తిరుపతి